మందు మానిన మనిషిని ఏ పనికి పంపుతున్నాం? ఉత్తర తెలంగాణ జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, పెద్దపల్లి, ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల, ఆదిలాబాద్, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల కలెక్టర్లకు, నషాముక్త భారత్ అభియాన్ జిల్లా కమిటీల సభ్యులకు, వ్యసన విముక్తి కేంద్రాల నిర్వాహకులకు నమస్కారం.

కేంద్రం నుంచి ఇంటికి పంపే రోజు మనిషి చేతిలో ఒక డిశ్చార్జి కాగితం పెడతాం. జబ్బు పేరు, ఉన్న రోజులు, వాడాల్సిన గోళీలు, మళ్లీ రావాల్సిన తేదీ అందులో ఉంటాయి. ఆ మనిషి ఎల్లుండి ఏ పనికి పోతాడు, సాయంత్రం కూలి డబ్బులు ఎవరి చేతుల మీదుగా వస్తాయి, వచ్చే నెల ఊళ్లో ఏ పండుగ ఉంది, ఇంట్లో ఎవరి దినాలు ఉన్నాయి అన్నవాటికి ఒక్క గడి కూడా ఉండదు. మళ్లీ తాగుడు మొదలయ్యేది చాలావరకు అక్కడే. ఉత్తర తెలంగాణలో ఈ కౌన్సెలింగ్ పని చేస్తున్న మేము అడుగుతున్నది ఇదే: ప్రతి ఫైలులో పని గురించిన అంచనా, ఆచారాల గురించిన అంచనా తప్పనిసరి చేయండి. ఈ రెండింటినీ కలిపే చేయాలి. ఎందుకంటే మన దగ్గర తాగుడు పనితోనూ ముడిపడి ఉంది, దేవుడితోనూ చావుతోనూ ముడిపడి ఉంది.

ముందు కొలతల సంగతి చెప్పుకోవాలి. మొదటి రోజే లెక్క తప్పితే తర్వాత చేసేదంతా తప్పుతుంది. తాగుడు తీవ్రత కొలవడానికి కేంద్రాల్లో ఎక్కువగా వాడే ప్రశ్నావళి ఆడిట్ (AUDIT). ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసినది, 10 ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు, 8 నుంచి పైన వస్తే జాగ్రత్త పడాలి. రెండో ప్రశ్న, తాగే రోజున ఎన్ని డ్రింకులు తాగుతారని. అక్కడ డ్రింకు అంటే 10 గ్రాముల ఆల్కహాలు. మన మనుషులు డ్రింకుల్లో చెప్పరు. సీసాల్లో, క్వార్టర్లలో, గుడుంబా ప్యాకెట్లలో చెప్తారు. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టరులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది, అంటే ఆరు డ్రింకులు. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు మూడున్నర నుంచి నాలుగు డ్రింకుల దాకా వస్తుంది. అదే సీసాలో పోసిన కల్లు నాలుగైదు శాతం ఉందనుకుంటే రెండు నుంచి రెండున్నర. "ఒక్క క్వార్టరే సార్" అన్న మాటను ఒక డ్రింకుగా రాసుకున్న ఫైళ్లు ఉన్నాయి. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది కాబట్టి, ఏ పూట తాగుతారో కూడా అడగాలి.

కల్లు దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. ఉత్తర తెలంగాణలో చాలాచోట్ల దుకాణాల్లో అమ్మేది చెట్టు కల్లు కాదు, మందు కల్లు. అందులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తు మందులు కలుపుతారు. అది తాగేవాళ్లకు రెండు వ్యసనాలు ఒకేసారి ఉంటాయి. 2015లో నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు మీద దాడులు పెరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు, ఫిట్స్‌తో, మతి తప్పి మాట్లాడుతూ జనం ఆస్పత్రులకు వచ్చింది అందుకే. మామూలు మద్యం మానితే ఫిట్స్ సాధారణంగా మొదటి రెండు రోజుల్లో, సన్నిపాతం లాంటి స్థితి మూడో రోజు ప్రాంతంలో వస్తాయి. అల్ప్రాజోలం ఆగితే ఒకటి రెండు రోజుల్లోనే బాధ మొదలవుతుంది. డయాజెపాం ఒంట్లో నుంచి నెమ్మదిగా పోతుంది కాబట్టి దాని బాధ వారం తర్వాత కూడా బయటపడవచ్చు. ఐదారు రోజుల డిటాక్స్ (ఒంట్లోంచి మత్తు దించే చికిత్స) చేసి "కల్లే కదా" అని ఇంటికి పంపితే, ఆ మనిషికి ఫిట్స్ వచ్చేది సాంచా (మరమగ్గం) ముందో తాడిచెట్టు మీదో అయ్యే అవకాశం ఉంది. ఇలాంటి కేసుల్లో మత్తు గోళీల మోతాదును వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆ తగ్గింపు సైకియాట్రిస్టు చేతిలోనే ఉండాలి.

కాబట్టి మొదటి రోజు ఇలా అడగాలి: "చెట్టు కింద తాగుతవా, దుకాణంల తాగుతవా? ఏ దుకాణం? ఒక్క పూట తాగకుంటే నిద్ర పడ్తదా? పొద్దుగాల లేవంగనే చేతులు వణుకుతయా? దుకాణం బంద్ అయిన రోజు ఏమైంది?" చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఏ పరీక్షకన్నా ఎక్కువ చెప్తుంది. మూత్ర పరీక్ష స్ట్రిప్ ఉంటే చేయండి. అయితే అల్ప్రాజోలం, డయాజెపాం జాతి మందులను పట్టే బెంజోడయాజెపైన్ స్ట్రిప్‌లో క్లోరల్ హైడ్రేట్ కనపడదు, స్ట్రిప్ ఖాళీగా వచ్చిందని మందు కల్లు కాదనుకోవద్దు.

ఇక పని అంచనా. చాలా కేంద్రాల్లో ఇది లేదు, ఉన్నచోట కూడా తప్పు రోజున జరుగుతుంది. చేరిన నాలుగో రోజు, డిటాక్స్‌లో ఇచ్చే డయాజెపాం మత్తులో ఇంకా ఉన్న మనిషి ముందు అచ్చు కాగితం పెట్టి ఆసక్తుల పరీక్ష చేస్తే వచ్చే ఫలితం అతనిది కాదు, గోళీది. తాగుడు మానాక ధ్యాస, జ్ఞాపకం తేరుకోవడానికి వారాలు పడుతుంది. అందుకని దీన్ని మూడు విడతలుగా విడగొట్టాలని మా సూచన.

మొదటిది చేరిన రెండు మూడు రోజులకు, అరగంట. అప్పుడు పరీక్షలు వద్దు, పని చరిత్ర మాత్రమే. ఏ వయసులో ఏ పని మొదలుపెట్టాడు, ఎక్కువ కాలం నిలిచిన పని ఏది, మానేసింది ఎందుకు, పనిలో తాగేవాడా, పని అయ్యాక తాగేవాడా, తాగకుండా పనిచేసిన నెలలు ఎప్పుడైనా ఉన్నాయా. భార్యనో తల్లినో తమ్ముడినో విడిగా అడిగి సరిచూసుకోవాలి. అప్పులు కూడా అప్పుడే రాయాలి. చిట్టీ బాకీ ఎంత, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు ఎంత, పొదుపు సంఘంలో భార్య పేరు మీద తీసుకున్న లోను ఎంత. అడ్వాన్సు తీసుకున్న మనిషికి పని మార్చుకో అని సలహా ఇచ్చి లాభం లేదు, ముందు ఆ అడ్వాన్సు సంగతి తేలాలి.

రెండోది డిటాక్స్ ముగిసిన రెండు వారాలకు. శరీరం పనికి ఎంతవరకు సిద్ధంగా ఉందో చూడటం ఇందులో ముఖ్యం. చేతులు చాపించి వణుకు చూడాలి. మడమకు బొటనవేలు ఆనిస్తూ గీత మీద పది అడుగులు నడిపించాలి. పాదాల్లో తిమ్మిర్లు, మంటలు ఉన్నాయా అడగాలి. ఏళ్ల తరబడి తాగినవాళ్లకు నరాలు దెబ్బతిని కాళ్ల కింద నేల సరిగా తెలియదు. అలాంటి మనిషిని పరంజా ఎక్కమనకూడదు. చదువురాని వాళ్లకు అంకెల పరీక్ష కాగితం ఇవ్వకండి. "170 రూపాయల సామాన్లు కొని 500 నోటు ఇస్తే ఎంత వాపస్ రావాలె?" అని అడగండి, వారాల పేర్లు వెనక నుంచి చెప్పమనండి, సూదిలో దారం ఎక్కించమనండి. ధ్యాస, చేతి పట్టు, లెక్క అన్నీ ఐదు నిమిషాల్లో తెలుస్తాయి.

ఆసక్తి తెలుసుకోవడానికి బజారులో దొరికే పరీక్షలు చాలావరకు హాలండ్ అనే మనస్తత్వవేత్త ఆరు రకాల విభజన మీద తయారైనవి. ఆ విభజనతో మాకు పేచీ లేదు, అందులోని ఉద్యోగాల పేర్లతోనే పేచీ. ప్రయోగశాల సహాయకుడు, గ్రంథాలయాధికారి లాంటి మాటలు చదివి సెంట్రింగ్ మేస్త్రీ ఏం టిక్కు పెడతాడు? దానికి బదులు మన చుట్టూ ఉన్న పనుల ఫోటోలతో ఓ 40 కార్డులు చేయించండి. మోటారు వైండింగ్, బర్లు, టెంట్ హౌస్, కుట్టు మిషన్, పెయింటింగ్, కూరగాయల బండి, వాచ్‌మెన్, జేసీబీ, రైస్ మిల్లు, నర్సరీ ఇలా. వాటిని "చేస్త", "చేయ", "సూద్దాం" అని మూడు కుప్పలుగా వేయమనాలి. "చేస్త" కుప్పలో మొదటి నాలుగు కార్డులకు ఒక్కొక్కదానికి నాలుగు సంగతులు తేల్చాలి. ఆ పనిచోట మందు ఉంటుందా, కూలి రోజువారీ చేతికి వస్తుందా లేక ఖాతాలో పడుతుందా, పక్కన పనిచేసేవాళ్లు ఎవరు, ఫిట్స్ వస్తే అక్కడ ఏమవుతుంది. ఈ నాలుగింటి జవాబులతోనే సగం నిర్ణయం అయిపోతుంది.

మూడోది ఇంటికి పంపే ముందు, ఇంటివాళ్లతో కలిసి. మొదటి నెల ఏ పని, ఎవరి దగ్గర, ఏ వేళల్లో, డబ్బు ఎట్లా అన్నది రాసుకోవాలి. కూలి మొత్తం భార్య చేతికే అన్న షరతు చాలా ఇళ్లలో వారం కూడా నిలవదు, పైగా గొడవకు అదే కారణం అవుతుంది. బస్సుకు, చాయ్‌కి, ఫోనుకు రోజుకు ఎంత అతని దగ్గర ఉండాలో ఇద్దరూ ఒప్పుకుని అంకె వేసుకోవాలి.

పనుల వారీగా చూస్తే ఎక్కడ జారుతారో స్పష్టంగా కనిపిస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్ హమాలీని తీసుకోండి. పత్తి, మిర్చి సీజన్లలో ఒళ్లు విరిచే పని, కూలి జట్టుగా పంచుకోవడం, పంచుకున్న చోటే సీసా తెరవడం. "ఒళ్లు నొప్పులకు తాగుతున్న" అన్న మాటను సాకుగా కొట్టిపారేయకండి. నడుము, మెడ, మోకాళ్లు పరీక్ష చేయించి ఫిజియోథెరపీ, నొప్పి మందు ఇప్పించకపోతే, అతనికి తెలిసిన నొప్పి మందు దగ్గరికే మళ్లీ పోతాడు. సీజను అయిపోయి బస్తాలు లేని నెలలు ఇంకా చెడ్డవి. ఉపాధి హామీ పనిలో కూలి ఖాతాలో పడుతుంది కాబట్టి ఆ నెలల్లో అది మేలు. హమాలీ సంఘం పెద్దమనిషితో, అతని అనుమతి తీసుకుని, ఒక్క మాట మాట్లాడి అతని వాటా ఖాతాలో వేయించినా చాలా తేడా వస్తుంది.

సిరిసిల్ల సాంచాల మీద పన్నెండు గంటలు నిలబడి, ఆ చప్పుడులో రాత్రి పాళీ చేసి, పొద్దున నిద్ర పట్టక తాగేవాళ్లు ఎందరో. ఇక్కడ తాగుడు నిద్ర సమస్యతో ముడిపడి ఉంది. కనీసం మూడు నెలలు పగటి పాళీ ఇప్పించమని ఆసామిని (సాంచాలు నడిపించే యజమానిని) అడగటం చికిత్సలో భాగం కావాలి. నిద్రకని గోళీలు రాసి సాంచా దగ్గరికి పంపితే వేళ్లు పోతాయి. కూలి నేసిన మీటర్ల లెక్క కాబట్టి, మొదటి వారాల్లో చెయ్యి నెమ్మదిస్తే ఆదాయం తగ్గుతుంది. ఆ సంగతి ఇంట్లో ముందే చెప్పి ఉంచాలి.

బొగ్గు బాయి పనిలో షిఫ్టులు మారుతుంటాయి, నాగాలు పెరుగుతాయి, మస్టర్లు (హాజరు) తగ్గితే కంపెనీ నుంచి చార్జిషీటు వస్తుంది. చాలామంది మా దగ్గరికి వచ్చేది ఆ కాగితం పట్టుకునే. అప్పుడు కౌన్సెలర్ చేయాల్సిన మొదటి పని, చికిత్సకు చేరిన తేదీ నుంచి వైద్య ధ్రువపత్రం సకాలంలో చేరేలా చూడటం. మత్తు మందులు తగ్గించే దశ పూర్తయ్యేదాకా బాయి లోపలికి కాకుండా పైన పని అడగవచ్చు. ఉద్యోగం నిలిచిందన్న ధీమా ఉన్న మనిషి చికిత్సలో నిలుస్తాడు.

గీత కార్మికుల విషయంలో కౌన్సెలర్లు ఎక్కువ పొరపడేది "ఆ పని మానెయ్యి" అని తేలిగ్గా అనేయడం వల్ల. గౌడ సొసైటీలో సభ్యత్వం, చెట్ల వాటా, చెట్టు మీద నుంచి పడితే వచ్చే పరిహారం, వయసు మళ్లాక పింఛను, కుటుంబ గౌరవం అన్నీ ఆ పనితోనే ఉన్నాయి. అదే సమయంలో రోజుకు రెండు పూటలు చెట్టెక్కి లొట్టి దించే మనిషి మత్తు మధ్యనే బతుకుతాడు. వణుకు పూర్తిగా పోయేదాకా, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉంటే డాక్టరు ఒప్పుకునేదాకా నెలలైనా సరే, చెట్టెక్కే మోకు ముట్టకూడదు. ఆ కాలానికి అతని చెట్లను అన్నదమ్ములో బావమరిదో గీసి వాటా ఇచ్చేలా సంఘంలో మాట్లాడించవచ్చు. తిరిగి ఎక్కే రోజుకు 2024లో ప్రభుత్వం మొదలుపెట్టిన కాటమయ్య రక్షా కవచం అనే చెట్టెక్కే భద్రతా కిట్టు, దాని శిక్షణ అందాయా చూడాలి. పూర్తిగా వదిలిపెట్టాలన్న నిర్ణయం అతనిది, ఇంటివాళ్లది. దాని లాభనష్టాలు లెక్కగట్టి ముందు పెట్టడం వరకే మన పని.

గల్ఫ్ గురించి కాస్త గట్టిగా చెప్పాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో "దుబాయ్ పంపితే మందు దొరకదు, అదే మానుతడు" అనే నమ్మకం బలంగా ఉంది. రోజూ తాగే మనిషి విమానం ఎక్కితే ఒకటి రెండు రోజుల్లోనే క్యాంపులో ఫిట్స్ రావచ్చు, చూసేవాళ్లు ఉండరు. నిషేధం ఉన్న దేశంలో దొరికేది దొంగ సారా. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన సారా తాగి 20 మందికి పైగా వలస కార్మికులు చనిపోయారు. ఇంకో ప్రమాదం మనం రాసే మందుల చీటీల్లోనే ఉంది. అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోనాజెపాం, ట్రమడాల్ వంటివి యూఏఈ, సౌదీలలో నియంత్రిత మందులు. అనుమతి లేకుండా సంచిలో దొరికితే జైలు పాలు కావచ్చు. వీసా వచ్చిందని చెప్పిన రోజే ఆ మందులు ఎప్పటికి పూర్తిగా ఆగుతాయో డాక్టరుతో తేల్చుకుని, ఆ తర్వాతే ప్రయాణం పెట్టుకోమనాలి. తప్పక తీసుకెళ్లాల్సినవి ఉంటే ఆ దేశపు ముందస్తు అనుమతి, ఒరిజినల్ ప్రిస్క్రిప్షన్ ఉండాలి. గంజాయి వాడిన కుర్రాళ్లకు మరో మాట: రోజూ పీల్చినవాళ్ల మూత్రంలో ఆఖరిసారి తర్వాత కొన్ని వారాల దాకా ఆనవాలు ఉండవచ్చు. వీసా మెడికల్ పరీక్ష తేదీ ఇది చూసుకునే పెట్టుకోవాలి.

ఇప్పుడు ఆచారాలు. పోచమ్మకు, ఎల్లమ్మకు కల్లు సాక పోస్తాం. చావు ఇంటి దగ్గర, దినాల నాడు మందు పోయకపోతే "పెద్దమనిషికి సరిగ చేయలే" అంటారు. దసరా, పెళ్లి, పుట్టువెంట్రుకలు, అన్నింటికీ దావత్. మేడారంలో రెండేళ్లకోసారి మాఘంలో జరిగే జాతర సంగతి చెప్పనక్కరలేదు. ఇవన్నీ తెలిసి కూడా కౌన్సెలింగ్ గదిలో "స్నేహితులకు నో చెప్పడం నేర్చుకోండి" అన్న పాఠంతో సరిపెడుతున్నాం. మేనమామకు, కులపెద్దకు, చచ్చిపోయిన తండ్రి పేరు మీద పోసిన గ్లాసుకు నో చెప్పడం ఆ పాఠంలో లేదు.

దీనికి మాటలు ముందే అల్లి పెట్టుకోవాలి. సాక నేల మీద పోయడం అతనే చేయవచ్చు, తీర్థంగా నోట్లో పోసుకోవడం తమ్ముడు చేయవచ్చు. చాలా ఊళ్లలో పెద్దవాళ్లు దీనికి ఒప్పుకుంటారు, కాకపోతే పండుగకు ముందు ఇంటి పెద్దను కౌన్సెలింగ్‌కు పిలిచి అడగాలి. పండుగ రోజు అందరి ముందు అడిగితే పట్టుదలకు పోతారు. దినాలకు పోవాల్సి వస్తే పొద్దున్నే పోయి, పిట్టకు పెట్టే పని చేసి, పొద్దుగూకకముందే తిరిగి వచ్చే బండి మాట్లాడుకోవాలి. గ్లాసు ఖాళీగా కనపడితే నింపుతారు కాబట్టి చేతిలో సోడా గ్లాసు ఉండాలి. ఇవి చిన్న సంగతులే. గదిలో రెండుసార్లు నటించి చూపిస్తే ఆ రోజు నోటికి వస్తాయి.

తాగుడు మాన్పించడానికి ఇచ్చే డైసల్ఫిరాం గోళీ వాడేవాళ్ల దగ్గర ఇది ప్రాణాపాయం. ఆ గోళీ మింగుతున్న మనిషి ఒక్క గుక్క కల్లు తీర్థం తీసుకున్నా ముఖం ఎర్రబడి, గుండె దడదడలాడి, బీపీ పడిపోవచ్చు. ఆఖరి గోళీ తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉండగలదు. బోనాలకు రెండు రోజుల ముందు గోళీ ఆపేస్తే చాలనుకోవడం తప్పు. ఇంకా పెద్ద తప్పు, ఇంటివాళ్లు అతనికి తెలియకుండా అన్నంలో, చాయ్‌లో కలపడం. బజారులో అమ్మే "తాగుడు మాన్పించే పొడి" కూడా అంతే, అందులో ఏముందో ఎవరికీ తెలియదు. కలపమని సలహా ఇచ్చే కేంద్రం ఏదైనా ఉంటే దాని మీద చర్య తీసుకోవాలని కోరుతున్నాం.

దీక్షకు వేసుకునే మాల సంగతి వేరే చెప్పాలి, అందులో మంచీ ఉంది చెడూ ఉంది. అయ్యప్ప దీక్ష 41 రోజులు, కొండగట్టులో ముగిసే హనుమాన్ దీక్ష కూడా చాలామంది మండలం పాటు పడతారు. ఆ రోజులన్నీ చుక్క ముట్టకుండా, తెల్లారి చన్నీళ్ల స్నానం చేసి పనికి పోతారు. పని అంచనాలో దీనికన్నా మంచి ఆధారం దొరకదు. "మాల ఏసుకున్నప్పుడు ఏ పని చేసినవ్? ఎవరితోని ఉన్నవ్? సాయంత్రం పొద్దు ఎట్ల గడిచింది?" అని అడిగి ఆ దినచర్యనే డిశ్చార్జి తర్వాతి దినచర్యగా రాసుకోవచ్చు. చెడు ఏమిటంటే, రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపి మాల వేసుకుంటే మొదటి మూడు రోజుల్లోనే వణుకు, లేనివి కనపడటం, ఫిట్స్ రావచ్చు. దాన్ని పూనకం అనో, దీక్షలో తప్పు జరిగిందనో అనుకుని గుడి దగ్గరే కూర్చోబెడతారు. ప్రతి ఏటా అక్టోబరులోనే గురుస్వాములతో ఒక సమావేశం పెట్టి ఈ ఒక్క విషయం చెప్పండి: రోజూ తాగేవాళ్లు మాలకు వారం పది రోజుల ముందే ఆస్పత్రికి వచ్చి డిటాక్స్ చేయించుకోవాలి. మాల తీసే వారం ఫాలోఅప్ ఫోన్లు తప్పనిసరి, జారేది ఆ వారమే.

కులం గురించి మాట్లాడకుండా ఈ విషయం పూర్తి కాదు. డప్పు కొట్టేవాళ్లకు, గుంత తవ్వేవాళ్లకు మందు కూలిలో భాగంగా ఇచ్చే పద్ధతి ఇంకా ఉంది. అది వాళ్ల అలవాటు కాదు, వాళ్ల మీద పెట్టిన చెల్లింపు. మానాలనుకున్న మనిషికి పూర్తి కూలి డబ్బుగా ఇవ్వాలని ఊరి పెద్దలతో మాట్లాడే బాధ్యత సర్పంచ్ తీసుకోవాలి, కమిటీ ఆ మాట సర్పంచ్‌లకు చెప్పాలి. కౌన్సెలర్లలో కూడా "వీళ్లింతే" అన్న చూపు కనపడుతోంది. వయసులో పెద్దవాళ్లను కులం చూసి నువ్వు అని పిలవడంతోనే ఆ మనిషి రెండోసారి రావడం ఆగిపోతుంది. అన్నా, కాకా, అక్కా అని పిలవడానికి శిక్షణ నిధులు అక్కరలేదు.

ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ ఏజెన్సీల్లో ఇప్పసారా పూజలో భాగం, ఇప్పపువ్వు ఎండాకాలపు ఆదాయం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు అదే పువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పువ్వు ఏరడం మానమని చెప్పకుండా, ఏరిన పువ్వు సారా బట్టీకి కాకుండా ఎటు అమ్మవచ్చో చూపించడం పని అంచనాలో ఉండాలి. షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. బెల్టు షాపుల మీద అక్కడ మాట్లాడాల్సింది గ్రామసభే, గూడెం పెద్ద పటేల్‌ను, గోండుల సంప్రదాయ పెద్దల సభ అయిన రాయి సెంటర్‌ను పక్కనపెట్టి చేసే ప్రచారం నిలవదు. గోండి, కోయ, లంబాడీ మాట్లాడేవాళ్లకు దుబాసీగా వాళ్ల సొంత బిడ్డనే కూర్చోబెడుతున్నారు. పదో తరగతి పిల్లవాడి ముందు తండ్రి ఏం చెప్తాడు? ఆశా కార్యకర్తలకు, ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) సిబ్బందికి ఈ పని నేర్పి గౌరవ వేతనం ఇవ్వండి.

ఆడవాళ్లకు మన కేంద్రాల్లో దాదాపు చోటే లేదు. బీడీలు చుట్టే చేతులతో సాయంత్రం కల్లు దుకాణానికి పోయే అక్కలు నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాల్లో ఉన్నారు. వాళ్లకూ మందు కల్లు వల్ల అవే ఫిట్స్ వస్తాయి. చేరితే బీడీల లెక్క పోతుంది, పిల్లలను చూసేవాళ్లు ఉండరు. కనీసం వారంలో రెండు రోజులు మధ్యాహ్నం పూట మహిళా కౌన్సెలర్‌తో ఓపీ నడిపితే చాలామంది బయటపడతారు.

చట్టం గురించి నిర్వాహకులకు గుర్తు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో మద్యం, మత్తు పదార్థాలతో వచ్చే మానసిక సమస్యలూ ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం కేంద్రంలో ఉన్న మనిషితో బలవంతంగా పని చేయించకూడదు, చేసిన పనికి తగిన వేతనం ఇవ్వాలి, గుండు గీయించకూడదు, గొలుసులతో కట్టకూడదు. వంటపాత్రలు కడిగించడం, తోటపని చేయించడం "పని చికిత్స" పేరుతో సాగుతుంటే తనిఖీలో అడగండి: ఎవరి అంచనా ప్రకారం, ఎంత వేతనానికి? గోప్యత కూడా హక్కే. యజమానికి ఇచ్చే లేఖలో చికిత్స పొందారని, ఫలానా తేదీ నుంచి పనికి రావచ్చని, ఫలానా నెలల పాటు ఎత్తు మీద పని, రాత్రి పాళీ వద్దని రాస్తే చాలు, జబ్బు పేరు వద్దు. వ్యసన విముక్తి కేంద్రం లెటర్‌హెడ్ మీద రాస్తే పేరు రాయకపోయినా తెలిసిపోతుంది కాబట్టి ఆస్పత్రి సాధారణ లెటర్‌హెడ్ వాడాలి. కొద్ది మొత్తంలో గంజాయితోనో, వాడినందుకో కేసు పడ్డ కుర్రాళ్లకు, స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ దొరికే వీలుందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయంతో చికిత్సకే రాని పిల్లలు వీళ్లు.

అడుగుతున్నవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ప్రతి కేంద్రంలో రెండు పేజీల పని, ఆచారాల పత్రం ఫైలులో ఉండాలి, అది లేకుండా డిశ్చార్జి లెక్కలోకి రాకూడదు. జిల్లా ఉపాధి కార్యాలయం నుంచి ఒకరు, ఆర్‌సెటీ (గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థ) నుంచి ఒకరు నెలకోసారి కేంద్రానికి రావాలి. ఆర్‌సెటీల్లో భోజనం, వసతితో ఉచిత శిక్షణ ఉంది, కేంద్రం నుంచి నేరుగా అక్కడికి పోతే మొదటి నెల గండం ఊరికి దూరంగా గడుస్తుంది. కాకపోతే మత్తు గోళీల తగ్గింపు పూర్తయ్యాకే పంపాలి, శిక్షణ హాస్టల్లో ఫిట్స్ వస్తే ఆ సంస్థ తర్వాతి మనిషిని తీసుకోదు. ఫాలోఅప్ తేదీలు 15, 30, 90 రోజులని గుడ్డిగా వేయకుండా, గోడ మీద ఆ మండలం పండుగలు, జాతరలు, పత్తి, మిర్చి సీజన్లు, కూలి చెల్లింపు రోజులు రాసిన క్యాలెండర్ పెట్టుకుని వాటికి రెండు రోజుల ముందు ఫోన్ చేయాలి. రాత్రి వేళ ఇంటివాళ్లకు దిక్కుగా 14446 నషాముక్త హెల్ప్‌లైన్, 14416 టెలిమానస్ (మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్లు డిశ్చార్జి కాగితం మీదే పెద్ద అక్షరాల్లో అచ్చు వేయాలి.

పత్రం నమూనా, 40 పనుల కార్డులు, మొదటి రోజు అడగాల్సిన ప్రశ్నల పట్టిక మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ప్రతి జిల్లాలో కౌన్సెలర్లకు రెండు రోజుల శిక్షణ ఉచితంగా ఇస్తాం. దసరాకు ముందే ఆ రెండు రోజులు కేటాయించి, ఏ కేంద్రంలో మొదలుపెట్టాలో జిల్లా కమిటీ తీర్మానంతో తెలియజేయగలరు.

ఇట్లు,
ఉత్తర తెలంగాణ జిల్లాల్లో పనిచేస్తున్న వ్యసన విముక్తి కౌన్సెలర్లు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు
హనుమకొండ